తెప్పమీది స్నేహము : అమెరికా నవలలలో మైత్రి, కలలు, ధర్మనిర్ణయము

పైతరగతి విద్యార్థి యొకడు ఈ సంవత్సరము మమ్ము నొక ప్రశ్న యడిగెను. "మాష్టరుగారూ, మంచివాడనగా పెద్దలు చెప్పినట్లు నడచుకొనువాడే గదా. పెద్దలందఱును కలిసి పొరబడినయెడల మంచివాడేమి చేయవలెను?" తరగతిలోనివారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. వెంటనే తగిన ప్రత్యుత్తరమును తోచలేదు. ఆ సాయంకాలము గ్రంథాలయమునుండి హకల్బెరీ ఫిన్ కథను తీసి వాని చేతికిచ్చితిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినదే. పరీక్షలకు లేని నవలలను పిల్లలచేత చదివింపనేల యని తల్లిదండ్రులు కొందఱు అడుగుచుండుట మేమెఱుగుదుము. వారికిని ఇందు కొంత సమాధానము దొరకవచ్చును.

అమెరికా దేశపు నవలలలో పేరుపడినవానిని నాలుగైదింటిని వరుసగా చదివినచో ఒక సంగతి కనబడును. తఱచుగా ఇద్దఱు తోడుగాండ్రు ఇల్లు వాకిలి లేక బయలుదేరుదురు. వారికొక కల యుండును. ఆ కలకును లోకపు కట్టుబాటునకును నడుమ ఒకనాడు ఏదో యొకటి నిర్ణయింపవలసి వచ్చును. హెర్మన్ మెల్విల్ 1851లో ప్రకటించిన మోబీ డిక్ నందు ఇష్మాయేలను నావికుడును, క్వీక్వెగ్ అను దూరద్వీపవాసియును ఒక సత్రములో ఒకే మంచముమీద పండుకొనవలసి వచ్చి స్నేహితులగుదురు. కడకు క్వీక్వెగ్ తనకై చేయించుకొన్న శవపేటికయే ఇష్మాయేలును సముద్రమున తేల్చి బ్రదికించును. ఆ పెద్ద గ్రంథమును గూర్చి వ్రాయబూనినచో ఈ సంచిక చాలదు. మూడు పుస్తకములను మాత్రము తీసికొందుము. అందును మొదటిదానికే ఎక్కువ చోటిత్తుము. మాకు అది ప్రియమైనది.

మార్క్ ట్వెయిన్ అనునది కలముపేరు. అసలుపేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్. ఆయన 1835లో మిస్సోరి రాష్ట్రమున పుట్టి, మిసిసిపీ నదియొడ్డున హానిబల్ అను చిన్నపట్టణమున పెరిగి, యౌవనమున ఆ నదిమీద పొగయోడలు నడపెను. ఓడ ముందుభాగమున నిలిచి గుండుత్రాటితో లోతు చూచువాడు, నీరు రెండు బారలున్నదని తెలుపుటకు ఆ రెండు మాటలను కేకవేయుచుండెను. అంత లోతున్నచో ఓడకు భయము లేదని యర్థము. ఆ కేకయే ఆయనకు పేరైనది.

మిస్సోరి బానిసత్వము చట్టసమ్మతమైన రాష్ట్రము. క్లెమెన్సుల యింటను బానిసలుండిరి. బడికి పోవు దినములలో బానిసత్వమందు తప్పున్నదని తనకు తెలియనే తెలియదనియు, ఊరి పత్రికలు దానిని నిందింపలేదనియు, దేవాలయములో బోధకుడుకూడ అది దైవసమ్మతమని చెప్పుచుండెననియు ఆయన ముసలితనమున స్వీయచరిత్రలో తెలిపెను. మిషను పాఠశాలలో పనిచేయు మేము ఈ మాటను త్వరగా దాటిపోజాలము. పెద్దలందఱును కలిసి పొరబడుట ఆ విద్యార్థి యూహించిన వింత కాదు. అది జరిగిన సంగతి. సజ్జనులు, ప్రార్థన తప్పనివారు, పిల్లలను ప్రేమించువారు అట్లు పొరబడిరి.

ట్వెయిన్ ఈ నవలను 1876లో మొదలుపెట్టి, నడుమ చాలకాలము మూలబెట్టి, 1883లో ముగించెను. 1884 డిసెంబరులో ఇంగ్లండునందును, 1885 ఫిబ్రవరిలో అమెరికాయందును అది వెలువడెను. అప్పటికి బానిసత్వము రద్దయి ఇరువదియేండ్లు కావచ్చినది గాని, కథ జరుగు కాలము మాత్రము దానికి ముందటిది.

హక్ పదుమూడు పదునాలుగేండ్లవాడు. తండ్రి త్రాగుబోతు. కొడుకును కొట్టి, అడవిలో నొక గుడిసెయందు తాళము వేసి బంధించును. హక్ తన్నెవరో చంపినట్లు గుర్తులు కల్పించి, పాఱిపోయి, నది నడుమనున్న దీవిని చేరును. అక్కడ జిమ్ అను బానిస వానికెదురుపడును. యజమానురాలగు మిస్ వాట్సన్ ఎనిమిదివందల డాలర్లకు తన్ను దక్షిణమున న్యూ ఆర్లియన్సునకు అమ్మదలచినదని చాటునుండి విని జిమ్ పాఱివచ్చినాడు. ఇరువురును వరదలో కొట్టుకొనివచ్చిన తెప్పనొకదానిని పట్టుకొని, రాత్రులు ప్రయాణము చేయుచు, పగలు చెట్లచాటున దాగుచుందురు. ఓహైయో నది వచ్చి కలియు కైరో అను పట్టణమును చేరి, అక్కడ పొగయోడ యెక్కి ఎగువకు పోయి, బానిసత్వము లేని రాష్ట్రములలో కాలుపెట్టవలెనని వారి ఆలోచన.

వీరి స్నేహము మొదట స్నేహము కాదు, అవసరము. అది మాఱినచోటు ఈ పుస్తకమున స్పష్టముగా చూపవచ్చును. ఒక రాత్రి మంచులో దోనెలోనున్న హక్ తెప్పకు దూరమగును. జిమ్ కేకలు వేసి వేసి, బాలుడు మునిగిపోయెనని యేడ్చి, అలసి నిద్రపోవును. హక్ తిరిగివచ్చి, తానెక్కడికిని పోలేదనియు, అదంతయు జిమ్ కన్న కలయనియు నమ్మబలుకును. జిమ్ పాపము నమ్మి, ఆ కలకు అర్థముకూడ చెప్పబోవును. పిదప తెప్పమీద విఱిగిపడియున్న కొమ్మలను, చెత్తను చూచి సంగతి గ్రహించును. అతడు కోపపడడు. తన్ను ప్రేమించినవానిని సిగ్గుపఱచుట ఎట్టివారి పనియో నెమ్మదిగా చెప్పి లోపలికి పోవును. హక్ పావుగంటసేపు తనలో తాను పెనగులాడి, వెళ్లి క్షమాపణ చెప్పుకొనును. తెల్లబాలుడు బానిసను క్షమాపణ వేడుట ఆ నదితీరమున ఎవరును వినని సంగతి. ఆ పావుగంట కాలము మాకు మిక్కిలి నిజముగా తోచును. మన బడిలో ఒకనినొకడు క్షమాపణ అడుగుటకు వారము పట్టినవారిని మేమెఱుగుదుము.

జిమ్ కల పెద్దది కాదు. స్వతంత్రుడైన పిమ్మట కష్టపడి, కాసు కాసు కూడబెట్టి, వేఱొక కమతములో బానిసగా నున్న భార్యను కొనును. తరువాత ఇద్దఱును కష్టపడి తమ యిద్దఱు పిల్లలను కొందురు. యజమాని అమ్మనన్నచో ఎవరిచేతనైన దొంగిలింపించుకొందురు. ఈ మాటకు హక్ హడలిపోవును. ఆ పిల్లలు తనకు ఏ కీడును చేయని పెద్దమనుష్యుని సొత్తు గదా, వారిని దొంగిలించుటకు తాను తోడ్పడుచున్నానే యని వాని మనస్సాక్షి వానిని పొడిచి పొడిచి బాధించును. ఇది చదివి మొదట నవ్వుదుము. వెంటనే సిగ్గుపడుదుము. తండ్రి తన బిడ్డలను కోరుట దొంగతనమని ఒక బాలునికి నేర్పినదెవరు? వాని ఊరంతయు నేర్పినది.

హక్ జిమ్మును పట్టియిచ్చుటకే దోనెయెక్కి బయలుదేరును. తుపాకులతో నిద్దఱు మనుష్యులు ఎదురై, తెప్పమీదనున్నవాడు తెల్లవాడా నల్లవాడా యని యడుగుదురు. చెప్పవలెనని నోరు తెఱచును, మాట రాదు. తెల్లవాడే యని చెప్పి, వారు తెప్పకడకు రాబోగా తన తండ్రికి మశూచి సోకినదని వారికి తోచునట్లు మాటలాడును. వారు భయపడి దూరమునుండియే, ఒక్కొక్కరు ఇరువది డాలర్ల బంగారునాణెమును పలకమీద పెట్టి వదలి తొలగిపోదురు. హక్ తాను తప్పుచేసితినని యెంచి క్రుంగిపోవును. జిమ్మును అప్పగించియున్నను ఇంతే బాధ కలిగియుండునని వానికప్పుడే తోచును.

జిమ్మును గూర్చి ఇంకొక సంగతి చెప్పక ముందుకు సాగజాలము. ఒక వేకువను అతడు తెప్పమీద మూల్గుచుండగా హక్ కారణమడుగును. నాలుగేండ్ల కుమార్తెకు తీవ్రజ్వరము వచ్చి తగ్గిన తరువాత, ఒకనాడు తలుపు మూయుమని చెప్పిన వినక నవ్వుచు నిలుచున్నదని కొట్టితిననియు, ఇంతలో గాలికి వెనుక తలుపు ధడాలున మూసికొన్నను ఆమె కదలకపోవుట చూచి, జ్వరముచేత చెవులు పోయినవని అప్పుడు తెలిసికొంటిననియు చెప్పును. తండ్రులైనవారు ఈ పుటను చదువవలెనని మా మనవి. సొత్తుగా లెక్కింపబడిన మనుష్యుడు తన తప్పును ఇట్లు ఒప్పుకొనగా, అతనిని అమ్మినవారిలో ఒక్కడును ఏ తప్పును ఒప్పుకొనకుండుట ఈ నవలలోని విచిత్రము.

కడపట మోసగాండ్రిద్దఱు జిమ్మును నలువది డాలర్లకు అమ్మివేయుదురు. హక్ ఒంటరిగా కూర్చుండి ఆలోచించును. ప్రార్థింపబోవును, సాగదు. తాను తప్పు విడువక ప్రార్థించుచున్నందున దేవుడు వినడని తలంచి, జిమ్ ఎక్కడనున్నాడో మిస్ వాట్సనునకు జాబు వ్రాయును. వ్రాయగానే పాపము కడుగుకొనిపోయినట్లు మనస్సు తేలికపడును. ఇక ప్రార్థింపవచ్చును. కాని జాబును ప్రక్కనబెట్టి నది ప్రయాణమును తలంచుకొనును. తన్ను నిద్రలేపక తన కాపలాకూడ తానే కాచిన జిమ్. మంచులోనుండి తిరిగివచ్చినప్పుడు పొంగిపోయిన జిమ్. నీకంటె మేలైన స్నేహితుడు నాకు లేడని చెప్పిన జిమ్. తలంచుకొని తలంచుకొని, నరకమునకే పోయెదనుగాక యని నిశ్చయించి, జాబును చింపివేయును.

చదువరులు ఇక్కడ ఒక విషయమును గమనింపవలెను. హక్ బానిసత్వము తప్పని తెలిసికొని అట్లు చేయలేదు. అది తప్పని వానికి పుస్తకాంతమువఱకును తోచదు. తానే పాపినని నమ్ముచు, శిక్షకు సిద్ధపడి, సరియైన పని చేసినాడు. ట్వెయిన్ తాను 1895లో వ్రాసికొన్న యొక గుఱుతులో, ఇది మంచి హృదయమునకును వక్రముగా తీర్చబడిన మనస్సాక్షికిని జరిగిన పోరు అనియు, ఇందు ఓడినది మనస్సాక్షియే అనియు చెప్పెను. మనస్సాక్షి దైవవాణియని మేము పిల్లలకు బోధించుచుందుము. అది చాలవఱకు ఊరివాణియును కావచ్చునని ఈ పుస్తకము తెలుపుచున్నది. అట్లయిన దానిని సరిదిద్దునదేది? హక్ విషయమున ఒక సిద్ధాంతము కాదు, ఒక ఉపన్యాసము కాదు. ఒక మనుష్యుని ముఖము, అతడు చేసిన పనుల జ్ఞాపకము. ఆ విద్యార్థికి మేము చెప్పదగిన ప్రత్యుత్తరము ఇంతవఱకే.

ఇది ఉత్త కల్పన కాదు. హానిబలులో బెన్సన్ బ్లాంకెన్‌షిప్ అను పేదవాడొకడు 1847లో, బహుమతి ప్రకటింపబడియున్నను ఆశపడక, పాఱివచ్చిన బానిస నొకనిని ఆవలియొడ్డు దీవిలో దాచి రహస్యముగా ఆహారము మోసెను. అతని తమ్ముడు టామ్ అనువాడే హక్ పాత్రకు మాదిరి. ఊరిలో పరువుగలవారెవరును ఆ యన్నదమ్ముల యింటికి తమ పిల్లలను పోనిచ్చెడివారు కారు.

పెద్దల యభ్యంతరములుకూడ న్యాయముగా చెప్పవలెను. 1885లోనే మసాచుసెట్సులోని కాంకర్డు గ్రంథాలయమువారు ఇది మోటుపుస్తకమని తీసివేసిరి. దీనిచేత ఇరువదియైదువేల ప్రతులు అదనముగా అమ్ముడుపోవునని ట్వెయిన్ సంతోషించెను. ఆ అభ్యంతరము తేలికది. తరువాతిది బరువైనది. నల్లవారిని అవమానించు నీచపదమొకటి ఈ నవలలో రెండువందలసార్లకు మించి వచ్చును. 2011లో ఒక ప్రచురణకర్త దానిని తీసి బానిస యను మాట పెట్టి అచ్చువేసెను. మాటను మార్చినచో ఆ ఊరి పాపముకూడ కొంత కప్పబడునని మా యభిప్రాయము. ఐనను ఆ మాటవలన తరగతిలో ఏ బిడ్డ తలవంచుకొనవలసివచ్చునో, ఆ బిడ్డ పక్షమున ఆలోచింపని యుపాధ్యాయుడు దీనిని బోధింపరాదు. మఱియు, కథయొక్క చివరి భాగము మాకు నచ్చదు. టామ్ సాయర్ వచ్చి, జిమ్మును విడిపించుటను ఆటగా చేసి, సాలెపురుగులతోను పాములతోను అతనిని వేధించును. మిస్ వాట్సన్ చనిపోవుచు జిమ్మును స్వతంత్రునిగా చేసినదన్న మాట టామునకు ముందే తెలియును! అంతటి మనుష్యుని ట్వెయిన్ కడపట ఆటబొమ్మగా చేసినాడే యని ఎన్నిమార్లు చదివినను నొచ్చుకొందుము. పెర్సివల్ ఎవరెట్ అను నల్లజాతి రచయిత ఇదే కథను జిమ్ నోట చెప్పించి 2024లో జేమ్స్ అను నవల వ్రాయగా దానికి 2025లో పులిట్జర్ బహుమానము వచ్చినది. పెద్దతరగతులవారు రెండింటిని పక్కపక్కన పెట్టి చదువవచ్చును. ఆంగ్లము కష్టమైనవారికి నండూరి రామమోహనరావుగారి తెనుగు హకల్బెరీ ఫిన్ కలదు.

ట్వెయిన్ మన దేశమునకును వచ్చెను. వ్యాపారము దెబ్బతిని 1894లో దివాలా తీసిన పిమ్మట, చట్టము విడిచిపెట్టినను తాను విడువనని, అప్పులవారికి కాసుతో సహా తీర్చుటకై లోకముచుట్టును ఉపన్యాసయాత్ర చేయుచు 1896లో భారతదేశమున మాటలాడెను. 1898 నాటికి అప్పంతయు తీఱినది.

ఇక ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో ప్రకటించిన ది గ్రేట్ గాట్స్‌బీ. దీనిని త్వరగా చెప్పుదుము, ఏలయన ఇందు కల యున్నది గాని తోడులేదు. ఉత్తర డకోటాకు చెందిన పేదరైతుల కొడుకు జేమ్స్ గాట్జ్ తన పేరును మార్చుకొని, దొంగసారా వ్యాపారమువంటి పనులతో ధనవంతుడై, పూర్వము తాను ప్రేమించిన డెయిజీ యింటికెదురుగా, సముద్రపుపాయ కావలియొడ్డున భవనము తీసికొని, ఆమె రేవుకొననున్న పచ్చదీపమును రాత్రులు చూచుచుండును. వందలమంది వచ్చి అతని విందులు తిందురు. అతడు హత్యచేయబడినప్పుడు అంత్యక్రియలకు వచ్చినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. డెయిజీ పువ్వునైనను పంపదు. ఆ దినమున ముసలితండ్రి, కొడుకు బాల్యమున ఒక పాతపుస్తకపు చివరి పుటమీద వ్రాసికొన్న దినచర్యను పొరుగువాడైన నిక్‌నకు చూపును. ఆఱుగంటలకు లేచుట, డంబెల్సు, విద్యుచ్ఛాస్త్రపఠనము, పని, బేసుబాలు, వక్తృత్వాభ్యాసము, క్రింద తలిదండ్రులయెడ ఇంకను మంచిగా నుండుట యను తీర్మానము. మన వసతిగృహపు గోడలమీద ఇట్టి పట్టికలను ప్రతి జూన్ నెలయందును చూచుచుందుము. పట్టిక మంచిదే. దానిలో స్నేహితునికొఱకు ఒక్క అరగంటయు లేదు.

మూడవది జాన్ స్టైన్‌బెక్ 1937లో ప్రకటించిన ఆఫ్ మైస్ అండ్ మెన్. చిన్నపుస్తకము, రెండు సాయంకాలములలో ముగియును. దీని తొలిప్రతిలో రెండుమాసముల పనిని ఆయన కుక్కపిల్ల చింపివేసినది. దానిని గట్టిగా శిక్షించుటకు ఆయనకు మనసొప్పలేదట. జార్జి, లెన్నీ యను ఇద్దఱు కూలివారు కాలిఫోర్నియాలో కమతమునుండి కమతమునకు పని వెదకుకొనుచు తిరుగుచుందురు. లెన్నీ కొండంత బలము, పసిబిడ్డ బుద్ధి గలవాడు. మెత్తనిదేది కనబడినను నిమురవలెనని వాని కోరిక, ఆ చేతుల బలము వానికి తెలియదు. వారు వచ్చిన ప్రదేశము సోలెడాడ్ అను ఊరికి దగ్గఱ. స్పెయినుభాషలో ఆ మాటకు ఏకాంతమని యర్థము.

హక్ వలెనే జార్జియు ఒకప్పుడు తోడుగానిని ఆటపట్టించెను. నలుగురెదుట వానిని నదిలో దుముకుమనగా, ఈత రాని లెన్నీ దుమికి మునుగబోయెను. పైకి తీసినందుకు జార్జికి కృతజ్ఞత చెప్పెనేగాని, దుముకుమన్నదెవరో వానికి గుర్తులేదు. నాటినుండి జార్జి అట్టి పని చేయలేదు. ఇద్దఱు రచయితలు, యేబదియేండ్ల యెడముతో, స్నేహమును ఒక క్రూరమైన పరిహాసమునుండియే పుట్టించుట మాకు ఆశ్చర్యము కలిగించినది.

వారి కల కొంచెము నేల, ఒక చిన్నయిల్లు, ఒక ఆవు, కొన్ని కోళ్లు. లెన్నీకి కుందేళ్లు. ఆ కథను జార్జి ఎన్నిసార్లు చెప్పినను లెన్నీ మరల చెప్పుమనును. చేయి పోగొట్టుకొన్న ముసలిపాలేరు కాండీ దానిని విని, తాను దాచిన మున్నూఱు డాలర్లను, నెలాఖరున రాబోవు ఏబదిని ఇత్తును, నన్నును చేర్చుకొనుడని వేడును. పొలము ధర ఆఱువందలు. అంతవఱకు మాటగా నున్నది ఒక్క నిమిషములో లెక్కయైనది. ముగ్గురును మాటలు రాక కూర్చుందురు. గుఱ్ఱపుసాలలో వేఱుగా పండుకొనవలసిన నల్లవాడు క్రుక్స్ కూడ, ఇట్టి కలలు వందలమంది కనిరి ఒక్కనికిని దక్కలేదని యెగతాళి చేసి, కొంతసేపటికి తానును వచ్చి ఊరక పనిచేసెదనని మెల్లగా అడుగును. యజమాని కోడలు వచ్చి బెదరింపగా ఆ మాటను వెనుకకు తీసికొనును. ఆ ఘట్టము చిన్నదేగాని, చదివినవాడు మఱవడు.

కాండీ ముసలికుక్కను తోడిపనివారు పనికిరాదని తీసికొనిపోయి కాల్చుదురు. తన కుక్కను తానే కాల్చవలసియుండెను, పరాయివానికి విడువరాదని కాండీ పిదప జార్జితో అనును. జార్జి వినును. ఆ కోడలు తన జుట్టు నిమురుమని లెన్నీని పిలిచి, వాడు విడువకపోగా భయపడి కేక వేయును. కేకకు తానును బెదరిన వాని చేతులలో ఆమె మెడ విఱుగును. ఆమెకు పుస్తకమందు పేరైనను లేదు. సినిమాలలో చేరవలెనన్న కల మాత్రము ఉన్నది. మగడు తుపాకి పట్టుకొని, కడుపులో కాల్చెదనని మనుష్యులతో బయలుదేరును. జార్జి వారికంటె ముందు నదియొడ్డునకు చేరి, లెన్నీని ఆవలి కొండలవైపు చూడుమని చెప్పి, ఆవును, కోళ్లను, కుందేళ్లను మరల వర్ణించుచు, వెనుకనుండి కాల్చును.

వచ్చినవారిలో స్లిమ్ అనువాడు ఒక్కడు సంగతి గ్రహించి జార్జిని నడిపించుకొని పోవును. కుక్కను కాల్చిన కార్ల్‌సన్ అక్కడనే నిలిచి, ఆ యిద్దఱికి ఏమి బాధ వచ్చినదో తెలియక ప్రక్కవానిని అడుగును. అంతటితో పుస్తకము ముగియును.

జార్జి చేసినది తప్పేయని, వానితో పాఱిపోయి యుండవలసినదని ఆ విద్యార్థి వాదించుచున్నాడు. ఒకసారి పాఱిపోయివచ్చినవారే గదా, ఎంతదూరము పోగలరని మేమంటిమి. హక్ కూడ అట్లు లెక్కవేసికొని యున్నచో జిమ్ ఏమైయుండునని వాడు మరల అడిగెను. దానికి మేమింకను జవాబు చెప్పలేదు.